ప్యాకేజీ పురుషుడు

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టుకూ ఫిల్మ్ నగర్‌కూ నడుమ, బరువు తగ్గించే సంస్థకు ఏటా రుసుము చెల్లించి, ఏటా సత్ఫలితం పొంది, మరుసటి ఏడు మళ్లీ చేరే ఒక విశిష్ట వర్గం నివసిస్తోంది. ఈ వర్గపు ప్రతినిధిని ప్యాకేజీ పురుషుడు అనవచ్చు. ప్యాకేజీ అంటే ఇన్ని నెలల్లో ఇన్ని కిలోలు తగ్గిస్తామన్న హామీకి సంస్థ ముందుగానే పుచ్చుకునే మొత్తం. ఆయన నటుడే కానక్కరలేదు. సహనిర్మాతో, ఫైనాన్షియరో, వేడుకల్లో రెండో వరుసలో కూర్చునే శ్రేయోభిలాషో అయి ఉంటాడు. కెమెరా తనవైపు తిరగదని తెలిసినా, పొరపాటున తిరిగితే పొట్ట కనబడకూడదన్నది ఆయన పట్టుదల.

చేరే ముందు ఆయన చిత్రరంగం నుంచి పూర్వోదాహరణలు సేకరిస్తాడు. ‘యమదొంగ’ (2007) కోసం ఎన్టీఆర్ సన్నబడిన తీరును తమ ఇంటి శుభకార్యంలా వర్ణిస్తాడు. బరువు తగ్గించే వ్యాపారాన్నే కథావస్తువుగా తీసుకున్న ‘సైజ్ జీరో’ (2015)నూ చూశాడు గానీ, అందులోని హెచ్చరికను విడిచిపెట్టి, పాత్ర కోసం అనుష్క బరువు పెరిగారన్న సంగతినే గుర్తుంచుకుని, తన బరువూ ఏదో పాత్ర కోసమే పెరిగిందన్నట్లు మాట్లాడతాడు.

చేరిన మొదటి వారంలోనే ఆయన 3 కిలోలు తగ్గుతాడు. అన్నం మానగానే శరీరం, కాలేయంలోనూ కండరాల్లోనూ గ్లైకోజెన్ రూపంలో దాచుకున్న పిండిపదార్థాన్ని ముందుగా ఖర్చుపెడుతుంది. ప్రతి గ్రాము గ్లైకోజెన్ సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది గనుక, అది తరిగినప్పుడు ఆ నీరూ పోతుంది. ఒక కిలో కొవ్వు కరగడానికి సుమారు 7,700 కిలోకేలరీల లోటు కావలసి ఉండగా, వారంలో మూడు కిలోల కొవ్వు కరగడం పూర్తి ఉపవాసంతోనూ కష్టమే. అయితే శుక్రవారం విడుదలైన చిత్రానికి ఆదివారమే సక్సెస్ మీట్ జరిపే పరిశ్రమలో పెరిగినవాడు గనుక, ఆయన పోయిన ఆ నీటిని పురస్కరించుకుని ఫిల్మ్ నగర్ కల్చరల్ సెంటర్‌లో మిత్రులకు విందు ఇస్తాడు.

విందు అనంతరం, ఆశ్చర్యకరంగా, ఆయన నిజంగానే తగ్గుతాడు. అందుకు కారకురాలు, ఏం తినాలో రాసిచ్చి ప్రతి శనివారం తూకం వేసే డైటీషియన్. వయసులో ఆయన కూతురికంటే చిన్నది. తూకం చూసి, ఆయన్ను చూసి, “మధ్యలో ఏదైనా ఫంక్షన్‌కి వెళ్లారా సార్?” అని ఆమె మెల్లగా అడుగుతుంది. డిస్ట్రిబ్యూటర్ల కేకలకు చలించని మనిషి ఈ ఒక్క ప్రశ్నకు జంకి, శుక్రవారం రాత్రి బిర్యానీ ముందు చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. ఘనతను మాత్రం పొట్టకు చుట్టిన వేడి బెల్టుకూ, అవిసెగింజల పొడికీ, అడుగులకంటే పలకరింపులే ఎక్కువగా సాగే కేబీఆర్ పార్కు నడకకూ పంచిపెడతాడు.

పరిశోధనలు డైటీషియన్ పక్షానే ఉన్నాయి. నాలుగు ప్రసిద్ధ ఆహార పద్ధతులను 160 మందిపై ఏడాదిపాటు పోల్చి 2005లో అమెరికాలో ప్రకటించిన అధ్యయనం, ఏ పద్ధతిని ఎంచుకున్నారన్నదానికంటే ఎంత నిష్ఠగా పాటించారన్నదే ఫలితాన్ని నిర్ణయించిందని తేల్చింది. 1963లో జీన్ నిడెచ్ న్యూయార్క్‌లో ప్రారంభించిన వెయిట్ వాచర్స్ సంస్థలో వారంవారం తూకమే ప్రధాన ఆచారం. 2011లో ‘లాన్సెట్’ పత్రిక ప్రచురించిన, 772 మంది పాల్గొన్న పరిశీలనలో, ఆ సంస్థకు పంపినవారు ఏడాదిలో సగటున 5 కిలోలు తగ్గగా, మామూలు వైద్య సలహాతో సరిపెట్టుకున్నవారు అందులో సగం కూడా తగ్గలేదు. కాబట్టి ప్యాకేజీ పురుషుడు లక్షలు పోసి కొనుక్కున్నది బెల్టును కాదు, శనివారాన్ని.

ప్యాకేజీతోపాటు శనివారాలూ ముగుస్తాయి. సన్నబడ్డ శరీరానికి మునుపటికంటే తక్కువ ఆహారం చాలు. పైగా విశ్రాంతిలో అది ఖర్చుచేసే శక్తి కూడా తగ్గుతుంది గనుక, పాత భోజనానికి తిరిగివెళ్లడమంటే పాత బరువుకు తిరిగివెళ్లడమే. ఈ ప్రమాదం తెలిసే సంస్థ మెయింటెనెన్స్‌ను, అనగా తగ్గిన బరువును నిలబెట్టుకునే దశను, వేరే రుసుముకు ప్రతిపాదిస్తుంది. ఆయన దానిని తర్కబద్ధంగా తిరస్కరిస్తాడు: “తగ్గనిదానికి డబ్బులెందుకమ్మా?”

ఆపైన పెళ్లిళ్ల ముహూర్తాలు, సంక్రాంతి అరిసెలు, లొకేషన్‌లో ప్రొడక్షన్ భోజనాలు వరుసగా వచ్చి తమ వంతు కర్తవ్యం నిర్వర్తిస్తాయి. ఏడాది తిరిగేసరికి ఆయన మళ్లీ సంస్థ మెట్లెక్కి, గోడమీద సన్నగా నవ్వుతున్న తన ఫోటో కిందే కూర్చుని దరఖాస్తు నింపుతాడు. మూడు ప్యాకేజీల్లో పన్నెండేసి చొప్పున మొత్తం 36 కిలోలు తగ్గానని పక్కవారికి సగర్వంగా చెబుతాడు. లెక్క సరైనదే, వసూళ్లు ప్రకటించి ఖర్చు ప్రకటించని వృత్తిధర్మం ప్రకారం, మధ్యలో పెరిగిన 37 కిలోలను ఆయన ప్రస్తావించడు.