గోల్లో ఎవురు నిలబడేది?

తిరుపతి వాళ్ళకు నెరబైలు అంటే తలకోన దారిలో తగిలే ఊరు. ఆదివారం పూట బిరియానీ డబ్బాలు, తువ్వాళ్ళు కార్లో వేసుకుని, 270 అడుగుల జలపాతం చూడ్డానికి పోతూ ఆ ఊళ్ళో హారన్ కొట్టి దాటేస్తారు. ఆ ఊరి జెడ్పీ హైస్కూల్లోనే, భారత మహిళా హాకీ జట్టుకు గోల్‌కీపరైన ఇతిమరపు రజని హాకీ కర్ర పట్టింది. పుట్టింది 1990లో, అదే యర్రవారిపాళెం మండలంలోని యనమలవారిపల్లెలో. అప్పుడది చిత్తూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. కాబట్టి రెండు జిల్లాలూ ‘మా పిల్లే’ అంటాయి, ఇద్దరిదీ నిజమే.

ఇలాంటి వాళ్ళకు క్లాస్‌మేట్లు ఏటేటా పెరుగుతారు. ఒలింపిక్స్ మాట వినబడితే చాలు, ‘మేమిద్దరం ఒకే బెంచీ’ అనేవాళ్ళు పుట్టుకొస్తారు. అందర్నీ కూర్చోబెట్టాలంటే ఆ బెంచీ కిలోమీటర్ల అవతలున్న భాకరాపేట దాకా సాగాలి.

అసలు బడి ఆటల్లో గోల్లో ఎవర్ని నిలబెడతారు? పరుగెత్తలేని వాణ్ణి, ఆలస్యంగా వచ్చినవాణ్ణి, లేదంటే బంతి తెచ్చినవాడి తమ్ముణ్ణి. ‘నువ్వు ఆడ నిలబడుకోరా, ఏం పని ల్యా’ అని పంపుతారు. గోలు పడ్డాక మాత్రం పదిమందీ కలిసి తిట్టేది వాణ్ణే.

హాకీలో ఏం పని లేని ఆ చోటు వెడల్పు 3.66 మీటర్లు, ఎత్తు 2.14 మీటర్లు. పెనాల్టీ కార్నర్‌లో 156 గ్రాములకు తగ్గని గట్టి బంతి గంటకు వంద కిలోమీటర్లు దాటిన వేగంతో వస్తుంది. దాన్ని చూసి పక్కకు తప్పుకునేవాణ్ణి తెలివైనవాడంటారు. అడ్డం పడేవాళ్ళను గోల్‌కీపరంటారు.

భారత మహిళా జట్టు 1980 తర్వాత మళ్ళీ ఒలింపిక్స్‌కు వెళ్ళింది 2016లో, రియోకు. జట్టులో పదహారు మందికే చోటు. గోల్‌కీపర్ సవిత ఒక్కరే, రజని స్టాండ్‌బై. 2021లో టోక్యోలోనూ ముందు సవితే, ప్రత్యామ్నాయ క్రీడాకారిణుల జాబితాలో రజని. ఆగస్టు 2న ఆస్ట్రేలియాను 1-0తో ఇంటికి పంపిన మ్యాచ్‌లో సవిత గోడ కట్టినట్టు నిలబడింది. మిగతా చోట్ల ఆడేవాళ్ళను మ్యాచ్ మధ్యలో ఎన్నిసార్లయినా మారుస్తారు. గోల్‌కీపర్‌ను ఊరికే మార్చరు. సొంత జిల్లా దేవుడే అయినా, రెండో గోల్‌కీపర్ ఏడుకొండలవాడికి ఏమని మొక్కుకోవాలి? ముందున్న మనిషి బాగుండాలనా, కొంచెం తక్కువ బాగుండాలనా?

జట్టు నాలుగో స్థానంతో తిరిగొచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం రజనికి 25 లక్షల రూపాయలు, తిరుపతిలో వెయ్యి గజాల ఇంటి స్థలం ప్రకటించింది. హాకీ గోలు వెడల్పు లెక్కకు సరిగ్గా నాలుగు గజాలు. నాలుగు గజాలు కాసే మనిషికి వెయ్యి గజాలు! తిరుపతిలో స్థలాల ధరలు తెలిసిన తండ్రులు ఆ సాయంత్రం కొడుకుల్ని ట్యూషన్ మాన్పించి గోల్లో నిలబెట్టాలని ఆలోచించే ఉంటారు.

ఎదురుచూపులే కాదు, పతకాలూ ఉన్నాయి. 2017 ఆసియా కప్ స్వర్ణం, 2018 ఆసియా క్రీడల రజతం, 2022 కామన్వెల్త్ కాంస్యం గెలిచిన జట్లలో రజని ఉంది. 2024 జనవరిలో మస్కట్‌లో తొలి హాకీ ఫైవ్స్ ప్రపంచ కప్ జరిగితే, భారత మహిళా జట్టు కెప్టెన్ ఆమే. జట్టుకు ఐదుగురే ఆడే ఆ పోటీలో మైదానం చిన్నది, ఎక్కడి నుంచి కొట్టినా గోలే. అక్కడ గోల్‌కీపర్‌కు చెమట తుడుచుకునే తీరిక కూడా ఉండదు. సెమీస్‌లో దక్షిణాఫ్రికాను 6-3తో ఓడించారు. ఫైనల్లో నెదర్లాండ్స్ చేతిలో 2-7తో ఓడి రజతం తెచ్చారు.

పూర్వ విద్యార్థుల సమ్మేళనాలు పెట్టుకునే పెద్దలకు ఒక మనవి. ఈసారి ఫ్లెక్సీలు, శాలువాలు కాస్త తగ్గించి, చదివిన బడికి ఒక గోల్‌కీపర్ కిట్టు కొనివ్వండి. హెల్మెట్టు, ఛాతీకి కవచం, కాళ్ళకు ప్యాడ్లు, అన్నీ ఉండాలి. దాతల పేర్లు కావాలంటే ప్యాడ్ల మీదే రాయించుకోండి. బంతి తగిలినప్పుడల్లా పిల్లలు మిమ్మల్ని తలుచుకుంటారు.