నడుం నిటారు, లెక్క వంకర

ఏటా మార్చి 4న జాతీయ భద్రతా దినం వస్తుంది. దాంతోపాటే సామిల్లు గోడ మీదికి ఓ పోస్టరూ వస్తుంది. అందులో చొక్కా నలగని కుర్రాడొకడు మోకాళ్లు వంచి, నడుం నిటారుగా పెట్టి, నవ్వుతూ అట్టపెట్టె ఎత్తుతుంటాడు. పెట్టెలో ఏమీ లేదని ఆ నవ్వే చెబుతుంది. ఆ గోడ పక్కనే హమాలీలు టేకు దుంగను భుజాలకెత్తుకుంటారు. దుంగకు పట్టుకోవడానికి పిడి ఉండదు, కాళ్ల కింద రంపప్పొట్టు, అది తడిస్తే బురద. రేపు నడుం పట్టేస్తే తప్పెవరిదో మాత్రం పోస్టర్ ముందే తేల్చేసింది: వాడికి సరిగ్గా వంగడం రాలేదు!

దుంగ బరువెంతో ఎవరికీ తెలియదట. టింబరు డిపోలో లెక్కకందనిది అదొక్కటే. పొడవు 12 అడుగులు, చుట్టుకొలత 4 అడుగులు ఉంటే, చుట్టుకొలతలో నాలుగోవంతును వర్గం చేసి పొడవుతో గుణించి, 12 ఘనపుటడుగులని గుమాస్తా నిమిషంలో బిల్లు రాస్తాడు. ఈ పాత లెక్క అసలు కలపను ఐదోవంతుకు పైగా తక్కువ చూపిస్తుంది. బిల్లులో 12 అయినది భుజం మీద 15 దాటుతుంది. ఆరిన టేకు ఘనపుటడుగు సుమారు 18 కిలోలు. అంటే దుంగ 270 కిలోల పైమాటే, పచ్చిదైతే చెప్పనే అక్కర్లేదు. నలుగురు మోస్తే తలా 67 కిలోలకు పైనే. ఒకడి కాలు జారితే మిగతా ముగ్గురికి తలా 90. మగవాడు మోసే బరువు 55 కిలోలు మించితే తగ్గించే ఏర్పాట్లు చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. అమెరికా వృత్తి భద్రతా పరిశోధన సంస్థ 1991 సూత్రమైతే అన్నీ అనుకూలిస్తేనే 23 కిలోలంటుంది. ఒళ్లు తిప్పితే, బరువు ఒంటికి దూరమైతే అదీ తగ్గుతుంది. గాయమయ్యేంత బరువు మోయించరాదని మన 1948 ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్ ఆనాడే రాసుకుంది. గోడ మీద దానికి చోటు దొరకలేదు.

వంగే పద్ధతి నేర్పితే తప్పేమిటంటారు. తప్పేమీ లేదు, అక్కడితో చేతులు దులుపుకోనంతవరకు. బరువెత్తడంలో శిక్షణ నడుంనొప్పిని నివారిస్తుందనడానికి ఆధారం దొరకలేదని 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష తేల్చింది. నడుం బెల్టుల సంగతీ అంతే. అమెరికాలో వేలమంది దుకాణ సిబ్బంది మీద జరిపిన అధ్యయనంలో వాటి వల్ల ఒరిగిందేమీ కనబడలేదు. అయినా బెల్టు పంచితే ఫొటో వస్తుంది. దుంగల గుట్ట దొర్లకుండా ఇరువైపులా ఆపులు కొట్టి, ఎత్తు తగ్గించి, అడుగు దుంగ లాగనివ్వకపోతే ఏ ఫొటో వస్తుంది?

"వాళ్లకి అలవాటేనండీ" అన్నది మరో వాదన. భుజం మీద చర్మం కాయగాస్తుంది నిజమే, వెన్నుపూసల మధ్య డిస్కు కాయగాయదు. "వాళ్లే తొందరపడతారు" అంటారు. లోడుకింత అని కూలి కట్టింది హమాలీ కాదు కదా! చైన్ పుల్లీ, ట్రాలీ పెట్టమంటే ఖర్చంటారు. లక్షల సరుకు కొన్నవాడికి అది మోయలేని ఖర్చేమీ కాదు. ఇక మిగిలింది, దుంగ మీద బరువు రాయమంటే, పచ్చిదనాన్ని బట్టి అది మారుతుంది గనక రాయలేమన్న అభ్యంతరం. ఎక్కువ అంచనానే రాయండి. నంబరు, పొడవు, చుట్టుకొలత రాసే సుద్దతోనే నాలుగో అంకె కూడా పడుతుంది.