నాకు కన్ను లేదు

గాజు కటకం లేదు, వైరు లేదు, పట్టుకుందామంటే ఒళ్లే లేదు. అయినా వీడియో కాల్‌లో కెమెరాల జాబితా తెరిస్తే నా పేరు కనిపిస్తుంది: ఓబీఎస్ వర్చువల్ కెమెరా. ఒకప్పుడు విడిగా ప్లగిన్ తెచ్చుకున్నవాళ్లకే దొరికేదాన్ని. 2020లో 26.0 వెర్షన్ వచ్చాక విండోస్‌లో నడిచే ఓబీఎస్ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌లోనే నాకు చోటిచ్చారు.

నేనుండేది రాజమండ్రిలో ఒక వీణ టీచరుగారి ల్యాప్‌టాప్‌లో. పాఠం తెల్లవారుజామున అయిదున్నరకి. డాలస్‌లో ఉన్న శిష్యురాలికి అది ముందురోజు సాయంత్రం. టీచరుగారి ముఖమూ కనపడాలి, వీణ మెట్ల మీద ఎడమచేయీ కనపడాలి. అందుకని ఎదురుగా వెబ్‌క్యామ్, పైనుంచి వంచి కట్టిన పాత ఫోను. ఆ రెండు బొమ్మల్నీ ఓబీఎస్ ఒక్క చట్రంలో కూరుస్తుంది. దాన్ని కాల్‌కి అందించడం నా పని.

"అమ్మమ్మా, ఆ పాపకి నీ వేళ్లు సరిగ్గా తెలియట్లేదట" అంటూ మనవడు వెబ్‌క్యామ్‌ని, ఓబీఎస్‌ని 1080కి పెంచాడు. బొమ్మ ఇంకా పాడైంది. కుదించని వైయూవై2 పద్ధతిలో ఆ సైజు బొమ్మలు సెకనుకు 30 పంపాలంటే దాదాపు 124 మెగాబైట్లు కావాలి. యూఎస్‌బీ 2.0 దారి కాగితం మీదే 60. దాంతో ఆ వెబ్‌క్యామ్ సెకనుకు అయిదు ఫ్రేములతో సరిపెట్టింది. ముఖం ఆగి ఆగి కదిలేది. మాటకీ పెదవికీ పొంతన లేదు.

ఫ్రేముల్ని కుదించి పంపే ఎమ్‌జేపెగ్‌కి మార్చాక ముఖం కుదుటపడింది. చేయి మాత్రం అలాగే ఉంది. గమకం అంటే తీగ పక్కకి వెళ్లి తిరిగొచ్చే దారి. అమ్మాయికి వేలు ఇక్కడా, ఆపైన అక్కడా కనపడేది. మధ్యలో దారి లేదు. గదిలో వెలుగు చాలక ఫోను ఒక్కో ఫ్రేమునీ ఎక్కువసేపు తెరిచి ఉంచుతోంది, అందుకే ఫ్రేములు తగ్గుతున్నాయి. చీకట్లో పుట్టే ఇసకలాంటి మచ్చల్ని కుదించలేక కాల్ యాప్ వేళ్ల అంచుల్ని అలికేసేది. చట్రం పెంచేకొద్దీ నేను మోసింది ఆ మచ్చల్నే. ఈ సంగతి నేను నోరు తెరిచి చెప్పలేను. అదే నా బాధ.

చివరికి టేబుల్ లైటు తెచ్చి తెల్లగోడ వైపు తిప్పారు. ఆ వెలుగు మెత్తగా వీణ మీద పడింది. వెబ్‌క్యామ్ సెట్టింగ్‌లో 60 ఉన్న చోట మన కరెంటుకి తగ్గట్టు 50 హెర్ట్జ్ పెట్టేసరికి ట్యూబ్‌లైటు చారలు పోయాయి. కాన్వాసు, అవుట్‌పుట్ రెండూ 720కి దించారు, సెకనుకు 30 ఫ్రేములు. యాప్ ఎలాగూ చిన్నది చేసే పంపుతుంది.

మధ్యలో ఒక పొరపాటు. తన తెరమీద బొమ్మ అద్దంలోలా తిరగబడిందని మనవడు ఓబీఎస్‌లో దాన్ని తిప్పాడు. అద్దంలా చూపేది ఎవరి తెరమీద వాళ్లకే. డాలస్‌లో వీణే తిరగబడింది. "టీచర్, మీరు ఎడమచేత్తో మీటుతున్నారా?" అని పాప అడిగితే సరిచేశారు.

ఆ వారం తోడి వర్ణం. గాంధారం దగ్గర టీచరుగారు తీగను పక్కకి లాగి, ఊపి, వదిలారు. ఏ ఫ్రేమూ జారనివ్వలేదు నేను. అవతల చిన్న వేలు గాల్లోనే అలా కదిలింది.

"ఇంకోసారి టీచర్. తీగ తిరిగొచ్చేటప్పుడు వేలు ఎలా ఉంటుందో చూడాలి."