కమిలింది ఒకడికి, కోపం ఇంకొకడిది

మా ఆఫీసులో కోపం కూడా దిగుమతి సరుకే. మొన్న శుక్రవారం సాయంత్రం ఆరింటికి, అందరం బ్యాగులు సర్దుకుంటుంటే, మేనేజరు గారి మెయిలు దిగింది: 'క్లయింట్ ఈజ్ లివిడ్.' పక్క సీటు కుర్రాడు ఆశగా, "అన్నా, లివిడ్ అంటే లీవు ఇచ్చినట్టా?" అన్నాడు. నిఘంటువు తెరిచాక వాడి ఆశ పోయింది, మా శని ఆదివారాలు పోయాయి. లివిడ్ అంటే ఒళ్లు తెలియని కోపమట.

ఈ మాట పుట్టుక తవ్వితే ఇంకా తమాషా. లాటిన్‌లో 'లివిడస్' అంటే నీలినలుపు. దెబ్బ తగిలిన చోట ఒళ్లు కమిలి తేలే రంగు. ఆ రంగును లాటిన్‌వాళ్లు అసూయకు కూడా పూశారు. శవపరీక్ష చేసే డాక్టర్లు ఇప్పటికీ, ప్రాణం పోయాక నెత్తురు కిందికి దిగి పేరుకున్న చోట కనబడే మరకల్ని 'లివోర్ మార్టిస్' అంటారు. దెబ్బలు తిన్నవాడి వీపు మీదా, శవాల గదిలోనూ కాపురమున్న మాట, మెల్లగా కోపిష్టి ముఖం మీదికి పాకింది. 20వ శతాబ్దంలో ఏకంగా కోపమే అయి కూర్చుంది. తన్నులు తిన్నవాడి వాత, తన్నినవాడి ఉద్రేకానికి బిరుదైంది!

పోనీ ఆ ముఖం రంగేమిటయ్యా అంటే ఇంగ్లీషువాళ్లకే ఏకాభిప్రాయం లేదు. నీలమని ఒక అర్థం, పాలిపోయిన బూడిద రంగని ఇంకొకటి, ఎర్రబడటమని మరొకటి. ఆ భాషకిది కొత్తేమీ కాదు. 'ఔట్‌రేజ్'లో చెవికి 'రేజ్' వినబడుతుంది గానీ, పుట్టుకలో దానికి కోపంతో చుట్టరికం లేదు. ఫ్రెంచిలో హద్దు దాటడం నుంచి వచ్చిన మాట అది. 'ఇన్సెన్స్‌డ్' అనే కోపానికీ, దేవుడి ముందు పెట్టే ధూపానికీ తల్లి ఒక్కతే.

పైగా దీనికో వ్యాకరణం. 'వెరీ లివిడ్' అనకూడదట, 'ఆబ్సల్యూట్లీ లివిడ్' అనాలట. పరాకాష్ఠకు చేరిన కోపాన్ని 'చాలా' అంటే నామోషీ. ఇంత పరాకాష్ఠకు కారణమేమిటంటే, మా రిపోర్టులో తేదీ అమెరికా పద్ధతిలో నెల ముందు పడకుండా, మన అలవాటు చొప్పున రోజు ముందు పడింది.

మనకు మాత్రం కోపానికి మాటల కరువా? చిరాకు, కినుక, అలక, కస్సుబుస్సు, మండిపాటు, ఆగ్రహం, రౌద్రం అని మెట్లు మెట్లుగా కట్టుకున్నాం. మొహం కందగడ్డ చేసుకున్నాం, కారాలు మిరియాలు నూరాం, అగ్గి మీద గుగ్గిలమయ్యాం. మన చానెళ్లు వీటన్నిటినీ అటకెక్కించి 'ఫైర్' అన్న ఒక్క ముక్క మిగుల్చుకున్నాయి. అధికారులపై మంత్రి ఫైర్, మంత్రిపై ప్రతిపక్షం ఫైర్. ఇన్ని మంటల్లో ఒక్క పొయ్యి వెలిగిన పాపాన పోలేదు.

అయితే ఆ ఫైరైనా అందరికీ దక్కదు సుమండీ. క్లయింటుకొస్తే లివిడ్, మేనేజరుకొస్తే సీరియస్, మంత్రికొస్తే ఫైర్. అదే కోపం గిట్టుబాటు ధర అడిగే రైతుకొస్తే 'గొడవ', చలాను ఎందుకని అడిగే ఆటో డ్రైవరుకొస్తే 'వీరంగం', జీతం అడిగే పారిశుద్ధ్య కార్మికురాలికొస్తే 'రభస', ఇంట్లో ఇల్లాలికొస్తే 'సణుగుడు'. పైవాడి కోపానికి విశేషణం పెడతారు, కిందివాడి కోపానికి కేసు పెడతారు.

ఆదివారం రాత్రి పదకొండింటికి తేదీలన్నీ తిరగేసి పంపాం. రెండు నిమిషాల్లో జవాబు: 'థాంక్స్, ఆల్ గుడ్.' లివిడ్ అంత తేలిగ్గా చల్లారింది.

సోమవారం పొద్దున లిఫ్టు అద్దంలో కుర్రాడు తన ముఖం చూసుకున్నాడు. రెండు రాత్రులు నిద్ర లేక కళ్ల కింద చర్మం నీలినలుపు తేలింది. "అన్నా, లివిడ్ అంటే ఇదేనా?" అన్నాడు.

లాటిన్ లెక్క ప్రకారం ఆ మెయిలు మొత్తానికి ఆ మాటకు తగినవాడు వాడొక్కడే.