పాస్‌పోర్టు మాట్లాడే ఇంగ్లిష్

ఇంగ్లిష్ రావాలంటే ఏళ్లు పడుతుందని మనవాళ్ల అపోహ. దక్షిణ కొరియా లెక్కలో ఒక్క క్షణం చాలు, అది పుట్టే క్షణమైతే. అక్కడ ఇంగ్లిష్ చెప్పడానికిచ్చే ఇ-2 వీసా మామూలుగా ఏడు దేశాల పౌరులకే దక్కుతుంది: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. ‘హాగ్వాన్’ అనే ప్రైవేటు ట్యూషన్ సెంటర్లో తొలి ఉద్యోగానికి డిగ్రీ ఉండాలి గానీ అది జంతుశాస్త్రంలోదైనా పేచీ లేదు. మన దగ్గర ఎమ్మే ఇంగ్లిష్ చదివినవాడికి ఆ గుమ్మంలో అడ్డుపడేది వ్యాకరణం కాదు, పాస్‌పోర్టు అట్ట రంగు.

ఈ ఏడు దేశాల ఇళ్లలో ఇంగ్లిష్ తప్ప మరో మాట వినబడదు కాబోలు అనుకుంటాం. 2022 జనగణన ప్రకారం దక్షిణాఫ్రికాలో ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడేవారు పదిశాతం కూడా లేరు; జులూ వాళ్లే ఎక్కువ. ఐర్లండ్ రాజ్యాంగం మొదటి అధికార భాషగా ఐరిష్‌నే పేర్కొంది. ఈ సంగతి కొరియాకు తెలియక కాదు. ప్రభుత్వ బడుల్లో టీచర్లను పెట్టే ‘ఎపిక్’ పథకం దక్షిణాఫ్రికా వాళ్లను, కెనడాలోని క్విబెక్ వాళ్లను ఏడో తరగతి నుంచి ఇంగ్లిష్ మీడియంలోనే చదివినట్టు కాగితం తెమ్మంటుంది. మంచి నిబంధనే. అంటే భాష వచ్చో రాదో కాగితంతో తేల్చవచ్చని వాళ్లే ఒప్పుకున్నట్టు. మరి ఎల్‌కేజీ నుంచి బీటెక్ దాకా ఇంగ్లిష్ మీడియంలోనే నలిగిన గుంటూరు పిల్లాడు అదే కాగితం తెస్తే? చెల్లదు. భారత్‌తో 2010లో అమల్లోకి వచ్చిన వాణిజ్య ఒప్పందం మనకూ ఒక సందు తెరిచింది గానీ, అందులో దూరాలంటే డిగ్రీతోపాటు టీచరు అర్హతా ఉండాలి. అటువైపు వాడికి డిగ్రీకి తోడు పుట్టుక చాలు, ఇటువైపు వాడికి బీఈడీ కావాలి.

పిల్లలకు అసలైన యాస పట్టుబడాలి కదా అంటారు. సరే, ఏ యాస? గ్లాస్గోదా, టెక్సాస్‌దా, జోహన్నెస్‌బర్గ్‌దా? ఈ ముగ్గురినీ ఒక గదిలో కూర్చోబెడితే ఒకరి మాట ఒకరు రెండోసారి అడగాల్సిందే. అసలు పరీక్ష తరగతిలో ఎదురవుతుంది. ‘ఐ హావ్ గాన్ ఎస్టర్‌డే’ ఎందుకు తప్పు అని ఓ పిల్లవాడు లేచి అడుగుతాడు. పుట్టుకతో ఇంగ్లిష్ వచ్చినవాడు, శిక్షణ లేకపోతే, ‘వినడానికి బాగాలేదు’ అని ఊరుకుంటాడు. రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణంతో కుస్తీ పట్టినవాడు ‘ఎస్టర్‌డే’ దగ్గర వేలుపెట్టి కారణం చెబుతాడు. తను పడ్డ గోతులు వాడికి గుర్తుంటాయి. పుట్టుకే మంచి టీచర్ని తయారుచేస్తుందన్న భ్రమను రాబర్ట్ ఫిలిప్సన్ అనే భాషావేత్త 1992లోనే తప్పుబట్టాడు.

ఎవరికి వీసా ఇవ్వాలో ఆ దేశం ఇష్టం, తల్లిదండ్రులు అడిగేదీ అదే అనవచ్చు. నిజమే, ఆ హక్కును ఎవరూ కాదనరు. కాకపోతే అమ్ముతున్న సరుకుకు సరైన పేరు పెట్టమనే అడుగుతున్నాం: అది భాష కాదు, పుట్టిన చోటు. ఈ జబ్బు కొరియాకే పరిమితమని నవ్వుకునే ముందు మన వీధి చూసుకోవాలి. తెలుగు మాట్లాడిన పిల్లాడికి జరిమానా వేసే బడులు మన దగ్గర ఉన్నాయి. ఇంగ్లిష్‌లో తెలుగు యాస వినబడితే ముందు మొహం చిట్లించేది మనమే. పొరుగింటి పుల్లకూర రుచి కొరియావాళ్లు మనకేమీ నేర్పక్కర్లేదు.

కాబట్టి విదేశాల్లో ఇంగ్లిష్ టీచరు కావాలనుకునే కుర్రకారుకు ఒక మాట. నూట ఇరవై గంటల ఆన్‌లైన్ టీచింగ్ సర్టిఫికెట్‌కు డబ్బు కట్టేముందు, వెళ్లదలచిన దేశం వీసా నిబంధన ఒకసారి చదవండి. కోర్సు అమ్మేవాడి ప్రకటనలో మీ పాస్‌పోర్టు ప్రస్తావన ఉండదు. నిబంధనలో మొదటి వాక్యమే అది.