మైలేజీ కోసం కార్బురేటర్ జోలికి పోకండి

పాత అంబాసిడర్ ఇంట్లో ఉంటే చాలు, వచ్చినవారల్లా ఒకే సలహా ఇస్తారు: సెట్టింగు కాస్త లీన్ (పెట్రోలు తక్కువ) చేయించండి, పెట్రోలు మిగులుతుంది. నేను దానికి పూర్తిగా ఎదురు చెబుతాను. మిగల్చకండి. బండిని కొంచెం ఎక్కువే తాగనివ్వండి. ఇది ఎడ్డెం సలహా అని మా అల్లవరంలో ఎవరైనా అంటే అననివ్వండి.

ఎందుకంటే ఇప్పుడు బంకులో పోసేది ఆ ఇంజిన్ పుట్టినప్పటి పెట్రోలు కాదు. అందులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ తనలోనే ఆక్సిజన్ మోసుకొస్తుంది కాబట్టి, పాత సెట్టింగు మీదే ఉన్నా మిశ్రమం లీన్ అయిపోతుంది. దాని మీద మైలేజీ పేరుతో మరికొంత తగ్గిస్తే బండి పికప్‌లో తటపటాయిస్తుంది, కార్బురేటర్లోంచి ఠప్పుమని కొడుతుంది, వాల్వులు వేడెక్కుతాయి. లీటరు మిగిల్చి వాల్వు కాల్చుకోవడం నాకు నచ్చదు.

రెండో ఎడ్డెం సలహా: కార్బురేటర్ చెడిందని అనిపించిన రోజు దాన్ని అసలు ముట్టుకోకండి. ముందు ప్లగ్గులు విప్పండి, పాయింట్ల గ్యాప్ చూడండి (0.4 మిల్లీమీటర్ల దగ్గర), ట్యాపెట్లు, టైమింగ్ చూడండి. మ్యానిఫోల్డ్ దగ్గర గాలి లాగుతోందేమో వినండి. ఇవన్నీ సరిగ్గా ఉన్నాక కూడా బండి మిస్సవుతుంటేనే కార్బురేటర్ వైపు వెళ్లండి. దీనికి ఆదివారమంతా పోతుంది. పోనివ్వండి.

1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ మీద ఉండేది ఎస్‌యూ కార్బురేటర్. దాని జెట్ కింద ఆరు పలకల నట్టు ఉంటుంది. పైకి ఎక్కిస్తే లీన్, కిందికి దించితే రిచ్ (పెట్రోలు ఎక్కువ). జెట్‌ను గాలిదారిలోని బ్రిడ్జికి సమానంగా తెచ్చి, అక్కడి నుంచి రెండు పూర్తి చుట్లు, అంటే పన్నెండు పలకలు దించడం మొదటి మెట్టు. తర్వాత ఇంజిన్ బాగా వేడెక్కాక ఒక్కో పలక చొప్పున తిప్పాలి. కార్బురేటర్ పక్కనున్న పిన్నుతో దాని పిస్టన్‌ను ఒక మిల్లీమీటరుకు లోపే లేపి వినండి. ఇంజిన్ ఆగబోతే లీన్. వేగం పెరిగి అలాగే నిలిస్తే రిచ్. కాసింత పెరిగి మామూలుకు వస్తే సరిపోయినట్టు. నేనైతే అక్కడ ఆగను, ఇంకో పలక దించుతాను. ప్లగ్గు లేత గోధుమ రంగులో ఉంటే చాలు, నల్లటి మసి పట్టిందంటే ఆ పలక వెనక్కి తిప్పండి.

ఇంజిన్ నడుస్తుండగా ఈ పనంతా ఆరుబయటే చేయండి. మూసిన షెడ్డులో వద్దు, ఆ పొగ ప్రాణం తీస్తుంది. బీడీ కాల్చేవాళ్లను దగ్గరకు రానివ్వకండి.

మా తీరాన ఓడలరేవు గాలిలో ఉప్పుంటుంది. కార్బురేటర్ ఒంటి మీద తెల్లటి పొడి పేరుకుంటే, పిస్టన్ బిగుసుకుంటే, గరుకు కాగితం పట్టకండి. ఆ పిస్టన్‌ను దాని గదికి కొలిచి జతచేశారు, రుద్దితే జత పోతుంది. మెత్తటి గుడ్డతో, కాస్త పెట్రోలుతో తుడిచి, పైన డాష్‌పాట్‌లో పలుచటి ఇంజిన్ ఆయిల్ పోయండి. ఆ ఆయిల్ ఎండిపోతే యాక్సిలరేటర్ తొక్కగానే బండి తడబడుతుంది. చాలామంది అప్పుడు నట్టు తిప్పడం మొదలుపెడతారు.

పెద్ద కార్బురేటర్ పెడితే పవర్ వస్తుందనేవారి మాట వినకండి. నాలుగు బ్యారెళ్ల కార్బురేటర్లు 1952లో కాడిలాక్, ఓల్డ్స్‌మొబిల్ లాంటి అమెరికా వీ8 కార్లకు వచ్చాయి. రోజువారీకి రెండు బ్యారెళ్లు, గట్టిగా తొక్కినప్పుడు మరో రెండు తెరుచుకుంటాయి. అంత గాలి మింగే ఇంజిన్ ఉంటేనే దానికి పని. మన నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కు పెడితే గాలి వేగం తగ్గి పెట్రోలు తుంపరగా మారదు. అలాంటి వీ8 బండే మీ దగ్గరుంటే రెండో జత జోలికి పోకుండా, ముందు ఐడ్లింగ్ స్క్రూలు రెండూ సమానంగా సెట్ చేయండి.

అంబాసిడర్ తయారీ 2014లో ఉత్తరపరా ఫ్యాక్టరీలో ఆగిపోయింది, కొత్తది ఇక రాదు. అందుకే నట్టు మీద స్పానర్ పెట్టే ముందు ప్లగ్గులు విప్పి చూడండి.