మడి డేటా

కాగితం మీద ఆయన హోదా డేటా అనలిస్టు. ఆఫీసు కుర్రాళ్లు పెట్టుకున్న పేరు ‘మడి డేటా’. ఏ ఫైలు పంపినా ముందు గుమ్మం బయటే నిలబెడతారు. ఎక్కణ్ణించి వచ్చింది, ఎవరెవరు ముట్టుకున్నారు, దారిలో కాపీ పేస్టులేమైనా జరిగాయా... ఇవి తేలేదాకా లోపలికి రానివ్వరు.

“కస్టమర్ల జాబితా రెడీయేనా అన్నా?” అని మార్కెటింగ్ కుర్రాడు అమాయకంగా అడుగుతాడు.

“రెడీయా? దీని ప్రకారం మన కస్టమర్లలో సగం మంది జనవరి 1న పుట్టారు. ఆ రోజు మంత్రసానులకి మంచినీళ్లు తాగే తీరికైనా దొరికిందంటావా?”

ఫారంలో పుట్టిన తేదీ తప్పనిసరి అని పెడితే, కౌంటర్లో కూర్చున్నవాడు క్యూ కదలడానికి ఏదో ఒకటి కొట్టక ఏం చేస్తాడు? ఫోన్ నంబరు గడిలో పది తొమ్మిదులూ అలా వచ్చి చేరినవే. లక్ష్మి పేరు ఇంగ్లీషులో ఒకరు ‘కె’తో, ఇంకొకరు ‘ఎక్స్’తో రాస్తే ఒక్కావిడ ఇద్దరవుతుంది, ఇంటిపేరు ముందుకొస్తే మూడో ఆవిడ తయారు. 03/04 అంటే మార్చి నాలుగా, ఏప్రిల్ మూడా అన్న మీమాంసకి ఒక మధ్యాహ్నం ఖర్చు.

ఎక్సెల్‌తో ఆయనకి పాత పగ. “1900 లీపు సంవత్సరం కాదయ్యా. ఎక్సెల్ మాత్రం ఆ ఏడు ఫిబ్రవరి 29 ఉందంటుంది. లోటస్ 1-2-3 చేసిన పొరపాటది. దాంతో పొసగాలని మైక్రోసాఫ్ట్ వాళ్లు తెలిసి తెలిసి ఉంచేశారు” అని క్యాంటీన్లో మన ఇడ్లీ చల్లారేదాకా చెబుతారు. ‘మార్చ్1’ అనే జన్యువు పేరు కొట్టగానే ఎక్సెల్ దాన్ని తేదీ చేసేస్తోందని, ఎక్సెల్‌ని మార్చలేక 2020లో శాస్త్రవేత్తలు జన్యువుల పేర్లే మార్చుకున్నారన్నది రెండో కథ. అప్పటికి సాంబారు కూడా చల్లారుతుంది.

అలాగని తీసిపారెయ్యడానికీ లేదు. ఒకసారి మీటింగులో తెర మీద ఎర్రగీత కిందికి జారుతోంది. “వరంగల్ జిల్లాలో పదేళ్లలో అమ్మకాలు ఘోరంగా పడిపోయాయి. అక్కడి మేనేజర్ని పిలవండి” అన్నారు పెద్ద మేడమ్. వెనక వరసలోంచి ఈయన గొంతు: “పడిపోయింది అమ్మకాలు కాదు మేడమ్, జిల్లా.”

నిజమే. 2016 అక్టోబరు 11న పాత వరంగల్ ప్రధానంగా ఐదు జిల్లాలుగా విడిపోయింది. 2021లో వాటిలో వరంగల్ అర్బన్ కాస్తా హనుమకొండ అయింది, రూరల్ వచ్చి వరంగల్ పేరు పెట్టుకుంది. గీతకి ఆ చివర ఉన్న వరంగల్, ఈ చివర ఉన్న వరంగల్ ఒకటి కానే కావు. ఆంధ్రాలోనూ ఇదే తంటా, 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. ఏమైతేనేం, ఆ మేనేజరు ఉద్యోగం నిలబడింది.

చిక్కల్లా, అన్ని పనులకీ ఆయన దగ్గర ఒకటే కొలత. పదేళ్ల పోలికకి జిల్లా సరిహద్దు ప్రాణమే. దీపావళి శుభాకాంక్షలు పంపడానికి ఫోన్ నంబరు సరిగ్గా ఉంటే చాలదూ? చాలదంటారు. పుట్టిన తేదీలు సరిచూసి ఆయన సరేననేసరికి కిందటి దీపావళి శుభాకాంక్షలు సంక్రాంతికి వెళ్లాయి.

ఈమధ్య పైవాళ్లకి ఏఐ పూనకం. “ఉన్నదంతా దానికి పెట్టేద్దాం” అన్నారు. ఈయన మారు మాట్లాడకుండా అను ఫాంట్లలో టైపు చేసిన పాత తెలుగు ఫైలొకటి ఫాంటు లేని కంప్యూటర్లో తెరిచి, ఆ గజిబిజిని చూపించి, “ముందు మీరు చదవండి సార్” అన్నారు.

ఇంట్లోనూ అంతే. కొడుక్కి సంబంధాల కోసం వాళ్లావిడ బయోడేటాలు పోగేస్తే, వాటిని ఎక్సెల్లోకి ఎక్కించి కూర్చున్నారు. ఎత్తు కొందరిది అడుగుల్లో, కొందరిది సెంటీమీటర్లలో. జీతం కొందరిది నెలకి, కొందరిది ఏడాదికి, ఒకమ్మాయిది డాలర్లలో. ఒకచోట నక్షత్రం గడి ఖాళీ. తెలియక వదిలేశారా, మూల అయ్యి దాచారా? “ఆ ఖాళీకి అర్థం తేలేదాకా ఎవరికీ ఫోన్ చెయ్యొద్దు” అని ఆంక్ష.

“ఏమండీ, ఆ పట్టికలో వేళకి మారుతున్నది మనవాడి వయసొక్కటే” అందావిడ.